లాంచీ ముందు నిమ్మకాయ

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, రేపు మన ఇంట్లో పొయ్యి వెలగదు. నీ ఫొటో ముందు టీ కూడా ఉండదు. శంషాబాద్ ఆడవాళ్లం పదిమందిమి వ్యాను మాట్లాడుకుని నాగార్జునసాగర్ పోతున్నాం, లాంచీ ఎక్కడానికి!

నువ్వు పోయాక నేను ఊరు దాటడం ఇదే మొదటిసారి. పెళ్లయిన కొత్తలో మనం ఎక్కిన లాంచీయే కళ్లల్లో తిరుగుతోంది. లారీ తీసే ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టే అలవాటు కదా నీకు, అక్కడా జేబులోంచి ఒకటి తీశావు.

"అన్నా, దీనికి టైర్లు లేవు. నిమ్మకాయ యాడ పెట్టాలె?" అని నువ్వడిగితే లాంచీ నడిపే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. చివరికి నా జడ రిబ్బను విప్పి, దాంతో లాంచీ ముందు కట్టావు.

పదిమంది నిండితేనే వ్యాను కదులుతుంది. పదో మనిషి పక్కింటి యాదమ్మ. పొద్దున మొండికేసింది.

"నాకు ఈత రాదక్కా. మునిగితే ఎట్ల?"

"మా ఆయనకు వచ్చునా ఏంది? స్టీరింగ్ చేతికిస్తే లాంచీ మొత్తం ఆయనే నడిపిండు. నీకు కూసునేటందుకు గూడ భయమానే?"

"నిజంగనా? గట్లయితే నేను గూడ వస్త."

అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు!

ఒక్క మాట మనిద్దరి మధ్యే ఉండాలి. స్టీరింగ్ సంగతి పూర్తిగా నేను అల్లిందే. ఒడ్డు వచ్చేదాకా నువ్వు కళ్లు గట్టిగా మూసుకుని, నా కొంగు చేతికి చుట్టుకుని కూర్చున్నావు. యాదమ్మకు ఈ సంగతి లాంచీ నడినీళ్లలోకి పోయాక చెబుతాను.