డెబ్భై ఒక్క పోగుల కస్తీ

నవసారి పట్టణం, పూజారుల వీధి నివాసి, కీర్తిశేషులు సొరాబ్‌జీ పావ్రీ గారి రెండో కుమార్తె, అవివాహిత, ఎనభై మూడేళ్ళ వయసు గల ఆలామాయ్ అనే నేను, స్థిరమైన బుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఈ మరణశాసనం వ్రాయిస్తున్నాను. చూపు మసకబారినందున నేను చెబుతుంటే డాక్టర్ కేకీ గారు వ్రాస్తున్నారు. మధ్యాహ్నం పూట నా మనసు కాస్త ఊరు తిరగడానికి పోతుంది. ఎప్పుడో పోయిన తమ్ముడు బెహెరామ్ వచ్చి వరండాలో ఉయ్యాలబల్ల మీద కూర్చుంటాడు. ఉయ్యాల కిర్రుమంటుంది, వాడి దగ్గర సపోటా తోట వాసన వస్తుంది. రేపు ఎవరైనా దీన్ని పట్టుకుని ముసలమ్మకు మతి చలించిందనకుండా ముందే చెబుతున్నాను. తిరగడానికి పోయిన మనసు దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చేస్తుంది. డాక్టరు గారు ధ్రువీకరించారు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా అక్క కొడుకు దిన్షాకు అప్పగిస్తున్నాను. ఇతను మా పార్సీ పంచాయతీ పెద్ద. నిజాయితీపరుడు, మొండివాడు. మొండితనం మా ఇంట్లోంచే వచ్చింది గనుక అతన్ని తప్పుపట్టలేను.

2. నేనుంటున్న ఇల్లు నా తదనంతరం దిన్షాకు చెందుతుంది. అయితే వెనకగదిలో రమి బతికున్నంత కాలం నివసించే హక్కు ఆమెకు ఉంటుంది. మా పార్సీలు నడుముకు చుట్టుకునే పవిత్రమైన ఉన్నిదారం, కస్తీ, నేసే ఆ గదిలోని మగ్గం, కదురు, గొర్రెపిల్ల ఉన్ని మూటలు, సూదులు రమికి సర్వహక్కులతో ఇస్తున్నాను.

3. దిన్షా భార్య నర్గీస్‌కు వెండి పళ్ళెం, ఊరగాయలకు వాడే పుల్లటి చెరకు సిర్కా జాడీలు నాలుగు. అంచంతా కొంగలు కుట్టిన నా ఊదారంగు పట్టుచీర కూడా ఆమెకే ఇస్తున్నాను. ఇరవై అయిదేళ్ళ కిందట ఒక పెళ్ళికని తీసుకెళ్ళిన ఆ చీర ఇంతవరకు ఆమె బీరువాలోనే ఉంది కాబట్టి అప్పగించే శ్రమ ఎవరికీ ఉండదు. ఒంటిమీద నిలవదని ఆ రోజుల్లోనే చెప్పాను, ఆమె వినలేదు. ఇప్పుడు ఆశీర్వదించి ఇస్తున్నాను.

4. రమి ఎవరో కాగితం మీద ఉండాలి. బెహెరామ్ తోటలో పనిచేసిన ధనీ అనే హల్పతి తెగ కూలి స్త్రీ కూతురు. తల్లి పోయిన నెలకు, పందొమ్మిదేళ్ళ పిల్లను బెహెరామ్ సైకిలు మీద ఎక్కించుకొచ్చి, "అక్కా, దీనికి ఉన్ని వడకడం నేర్పు" అన్నాడు. నేను ఆ పిల్ల మొహం, వాడి మొహం మార్చి మార్చి చూశాను. వాడు ఉయ్యాలబల్ల మేకు చూస్తూ కూర్చున్నాడు. మరుసటి వానాకాలం జ్వరంతో పోయాడు. పోయేముందు నాతో ఒక మాట చెప్పాడు.

రమి ముక్కు పావ్రీల ముక్కని వీధంతా అంటుంది. ముక్కు సంగతి నాకు తెలియదు, ఆమె పోగు సంగతి తెలుసు. వడికేటప్పుడు నేను పైకి చదువుకునే ప్రార్థనలన్నీ రెండేళ్ళలో ఆమెకు నోటికొచ్చేశాయి. తప్పులు దిద్దబోతే తప్పులు లేవు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఐదు వేళలూ చదువుకుంటుంది. అగ్యారీకి, అంటే మా అగ్నిగుడికి, గంధపుచెక్క తీసుకెళ్ళి, పార్సీలు కానివాళ్ళను లోపలికి రానివ్వరు గనుక గుమ్మం బయటే పూజారి చేతిలో పెట్టి వస్తుంది. ముప్పై తొమ్మిదేళ్ళుగా లోపలి మంటను ఒక్కసారీ చూడలేదు. ఒకసారి నన్ను అడిగింది, "మాయీ, లోపల ఆ మంట పెద్దగా ఉంటుందా, మన పొయ్యంత ఉంటుందా?" అని. పొయ్యంతే ఉంటుందని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధానికి ఇక్కడ క్షమాపణ అడుగుతున్నాను.

5. పోయిన నెల దిన్షా నా మంచం పక్కన కూర్చుని అన్న మాటలు ఉన్నదున్నట్టు వ్రాయిస్తున్నాను. "పిన్నీ, ఒక్క మాట రాసివ్వు. రమి బెహెరామ్ మామయ్య కూతురే అని. తండ్రి పార్సీ అయితే చాలు, నవజోత్ చేసి మతంలోకి తీసుకుని కస్తీ కట్టించేస్తా, రేపే అగ్యారీలోకి తీసుకెళ్తా. అది రాయకపోతే మాత్రం పనిమనిషి పనిమనిషే. నువ్వు పోయాక మగ్గం ముట్టుకోనివ్వం. పూజారుల ఇళ్ళ ఆడాళ్ళు తప్ప ఇంకోళ్ళు కస్తీ నేస్తే అది కస్తీయేనా చెప్పు?"

అతను మంచికే అన్నాడు. ఆ రాత్రి నాకొక కల వచ్చింది. పూర్ణా నది మీద ఆకాశం నుంచి తెల్లటి పోగులు వేలాడుతున్నాయి. ఒక్కో పోగు పట్టుకుని ఒక్కొక్కరు నీళ్ళ మీద నడుస్తున్నారు. మా అమ్మ ఉంది, మా అక్క ఉంది, ధనీ ఉంది. ఏ పోగు ఎవరు వడికిందో చూద్దామని వేళ్ళతో తడిమాను. నలభై ఏళ్ళు తడిమిన వేళ్ళకు తెలియలేదు.

తెల్లారాక రమిని పిలిచి, నీ తండ్రెవరో వ్రాయించనా అని అడిగాను. ఉన్ని దువ్వుతూనే చెప్పింది. "వద్దు మాయీ. నువ్వు అవునని రాస్తే, ఇన్నేళ్ళు ప్రార్థన చేసింది నేను కాదు, నా ముక్కంటారు. కాదని రాస్తే నేనసలు నోరే తెరవలేదంటారు. ముక్కుని వదిలెయ్యి." నేను నవ్వాను, తర్వాత ఏడ్చాను.

కాబట్టి బెహెరామ్ చెప్పిన మాట నాకు తెలిసినప్పటికీ, అది అవునో కాదో ఈ పత్రంలో వ్రాయించడం లేదు. ఆ మాట నాతోపాటే దోఖ్మాకు, శవాలను పక్షులకు వదిలే మా గోపురానికి, వస్తుంది. అక్కడ రాబందులు కూడా కరువయ్యాయి గనుక ఎవరికీ చేరదు. రక్తం తండ్రి ఇస్తాడు, రమి దాన్ని అడగలేదు. ప్రార్థన ఆమె సొంతంగా సంపాదించుకుంది. ఒకటి చూపించి రెండోదానికి తలుపు తీయమనడం నాకు సిగ్గుగా ఉంది.

6. ఇప్పుడు దిన్షా కూర్చుని వినవలసిన భాగం. పందొమ్మిదేళ్ళ కిందట నా చేతులకు వణుకు మొదలైంది. సూరత్ నుంచి ఒక నవజోత్‌కు కస్తీ అడిగారు. నాకు మాటిమాటికీ పోగు తెగేది. మగ్గం ముందు తల వాల్చి నిద్రపోయాను. లేచేసరికి మిగిలిన జానెడూ నేసి ఉంది. అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు. రమిని తిట్టాలనుకున్నదాన్ని, ఆ కస్తీని చుట్టి పూజారికి పంపించాను. పూజారి ఎర్వద్ జాల్ గారు మంత్రం చదివి చివర పోగులు కోసేముందు దాన్ని వెలుతురుకు పట్టి, "ఆలామాయ్, నీ చెయ్యి మళ్ళీ పడుచుదైందే!" అన్నారు. సిగ్గులేకుండా ఆ పొగడ్త నేనే పుచ్చుకున్నాను.

ఆ రోజు నుంచి ఈ ఇంటి నుంచి వెళ్ళిన ప్రతి కస్తీ రమి నేసిందే. మీ అమ్మ, అంటే మా అక్క, కట్టుకుని దోఖ్మాకు వెళ్ళింది అదే. పోయిన చలికాలం నీ మనవడికి నవజోత్‌లో కట్టింది అదే. దిన్షా, నీ నడుముకు మూడు చుట్లు తిరిగి ఉన్నది కూడా అదే. రమి చేతులతో అది కస్తీ కాకుండా పోతుందంటే, ముందు నీది విప్పు, తర్వాత నీ మనవడిది విప్పు, ఆ తర్వాత ఊరికి చెప్పు. కస్తీయేనంటే ఆమెను మగ్గం దగ్గర కూర్చోనివ్వు. మోసం నాది, శిక్ష ఉంటే నా పేరున వెయ్యండి. ఈ కాగితాన్ని చింపి నిప్పులో వెయ్యకూడదు, నీళ్ళలో వదలకూడదు, రెండూ మనకు పవిత్రం. బిస్కెట్ల డబ్బాలో పెట్టుకో.

7. నేను పోయాక నా నడుముకు రమి నేసిన కస్తీయే కట్టాలి. స్నానం చేయించి ప్రార్థనలు మొదలుపెట్టాక రమిని పరాయిదని బయటి పందిట్లోకి పంపేస్తారని తెలుసు. అంతకుముందు పావుగంట ఆమె నా పక్కన ఒక్కతే కూర్చుంటుంది. దిన్షా తలుపు దగ్గర నిలబడి ఎవరినీ రానివ్వకూడదు.

8. చివరిది. కిందటేడు నాకు నేనుగా ఒక కస్తీ నేసుకోవాలనిపించింది. రమిని దగ్గరికి రానివ్వలేదు. ఆరు నెలలు పట్టింది. లెక్కపెడితే డెబ్భై రెండు పోగులకు డెబ్భై ఒక్కటే ఉన్నాయి, ఒకటి ఎక్కడో పోగొట్టాను. ఒక పోగు తక్కువైతే ఏ పూజారీ మంత్రించడు. పంచాయతీ లెక్కలో అది కస్తీ కాదు, వట్టి ఉన్నితాడు. అందువల్ల అది ఎవరికి ఇచ్చినా ఆక్షేపించే హక్కు ఎవరికీ లేదు. దాన్ని రమికి ఇస్తున్నాను.

రమీ, పొద్దున్నే కట్టుకో. తక్కువైన పోగు నువ్వే.

ఈ రోజు ఆదర్ మాసం, ఆదర్ రోజు, అగ్ని పుట్టినరోజు. పొయ్యికి సెలవు. రమి పొయ్యి వెనక గోడకు పసుపు పూసి, కుంకుమతో పట్టకారు, గరిటె బొమ్మలు వేసిందట, నాకు ఎర్రటి మసకగా మాత్రం కనిపిస్తున్నాయి. పైన చెప్పినవన్నీ చదివించుకుని విని, నా ఇష్టపూర్వకంగా వణుకుతున్న చేత్తోనే సంతకం చేశాను.

నవసారి, 24 ఏప్రిల్ 2010

(చేవ్రాలు) ఆలామాయ్ సొరాబ్‌జీ పావ్రీ

సాక్షులు:
1. డాక్టర్ కేకీ బర్జోర్ సీర్వాయ్, ఈ పత్రం వ్రాసినవారు
2. ఎర్వద్ జాల్ మంచేర్‌షా కాంగా, పూజారి. ఆరో అంశం విని, తన నడుము ఒకసారి తడుముకుని, సంతకం చేశారు.