ఒళ్ళు దగ్గర పెట్టుకో

మేనకోడలు గుమ్మడికి,
అత్త దీవెనలు. ఏళ్ళ తరబడి నన్ను పీడిస్తున్న ప్రశ్న ఒకటుంది: గదిలో ఎవరూ లేకపోయినా, అద్దం ముందు నిలబడగానే పొట్టెందుకు లోపలికి లాక్కుంటాం? ఎవరి కోసం? నీకు తోస్తే రాయి. ఇక్కడ ఒకటే ముసురు. మా నిఘంటువు ఆఫీసులో గోడలు చెమ్మెక్కి, జాతీయాలు రాసిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. హాస్టలు కొత్తని బెంగపడకు. పరీక్షలొస్తున్నాయి, కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకో.
ఇట్లు, అత్త
తా.క. కొత్త గౌను పంపుతున్నాను. బిగుతైతే కుట్లు విప్పించుకో, లోపల గుడ్డ వదిలించాను.

అత్తకి,
నమస్కారాలు. నువ్వు చెప్పినట్టే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటున్నాను. మోచేతులు పక్కటెముకలకి ఆనించి నడుస్తున్నా. బెంచీ మీద సగం చోట్లో సర్దుకుంటున్నా. రాత్రి అన్నం మానేశా. "ఎంత బుద్ధిమంతురాలివే!" అంటోంది వార్డెనమ్మ. నీ ప్రశ్నకి జవాబు: మా హాస్టలు అద్దం చిన్నది. అందులో పట్టాలని.
ఇట్లు, ముప్పావు గుమ్మడి
తా.క. ఎంత దగ్గర పెట్టుకోవాలో నువ్వు రాయలేదు.

గుమ్మడీ,
నీ మొహం! అది జాతీయమే తల్లీ! ఒళ్ళు దగ్గర పెట్టుకోవడమంటే జాగ్రత్తగా మసలుకోవడం. తిండికీ దానికీ ఏం సంబంధం? గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నిన్నెవరేమన్నారని? కడుపునిండా తిను.
ఇట్లు, కంగారుగా, అత్త
తా.క. నేను తిట్టానని వార్డెనమ్మకి చెప్పకు.

అత్తకి,
మొహం కూడానా? ఒళ్ళొక్కటే అనుకున్నాను. రుమాలు అడ్డం కట్టుకు తిరుగుతున్నా. జలుబనుకుని వార్డెనమ్మ చేదుమందు పోసింది. భుజాలు తడుముకుని చూశాను. అవీ లావే.
ఇట్లు, అర గుమ్మడి
తా.క. రుమాలుతో పగలు తినడమూ కుదరట్లేదు.

నా తల్లీ,
"నీ మొహం" కూడా జాతీయమేనే! ఒళ్ళు తగలని మందలింపు ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఆఫీసంతా వెతికాను. నోరు మూసుకో అందామంటే నోరు, తలెత్తుకు తిరుగు అందామంటే తల. "ఏం పారేసుకున్నారమ్మా?" అని మా పెద్దాయన అడిగితే ఏడుపొచ్చింది. నీ కాళ్ళు పట్టుకుంటాను, తిను.
ఇట్లు, అత్త
తా.క. కాళ్ళు కూడా జాతీయమే. నీ కాళ్ళకేమీ కాలేదు.

అత్తా,
తెలుగులో నేను క్లాసు ఫస్టు. ఆ మాటలన్నిటికీ అర్థాలు మొదట్నుంచీ తెలుసు. ఇక్కడ అమ్మాయిలు నన్ను డ్రమ్మంటారు. నువ్వేమంటావో చూద్దామనుకున్నా. రెండు ఉత్తరాల్లోనూ జాతీయాన్ని వెనకేసుకొచ్చావు. నా ఒళ్ళు బాగుందని ఒక్కసారీ అనలేదు. రుమాలు అబద్ధం. రాత్రి అన్నం మానేయడం మాత్రం నిజం.
ఇట్లు, గింజ
తా.క. గౌను కుట్లు విప్పక్కర్లేదు. వదులైంది.

మేనకోడలికి,
గుమ్మడి అని రాసి కొట్టేశాను. ఇంకేమని పిలవాలో తోచలేదు. పొద్దున్నే బస్సెక్కుతున్నాను. ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ చేతికిస్తాను. రాత్రికి ఇద్దరం ఒకచోట కూర్చుని తిందాం. ఇందాక అద్దం ముందు పొట్ట వదిలేసి చూశాను. బొత్తాం ఎగిరి అద్దానికి తగిలింది. నాకు నవ్వు రాలేదు. నువ్వు నవ్వొచ్చు.
ఇట్లు, అత్త
తా.క. నువ్వు బాగున్నావంటే, ఇక ఎప్పటికీ ఆ మాట కోసమే జనం మొహాలు చూస్తావేమోనని భయం. "బాగుండకపోతే మాత్రం ఏం?" అంటే, బాగోలేవన్నట్టు వింటావు. రెండిట్లో ఏది చెప్పాలో నాకింకా తేలలేదు.