ఆయనకి మీరేమవుతారు?

అమ్మకి,

నమస్కారం పెట్టి నీ పిడుగు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ నాన్నా కూడా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చదివాక మనసు కుదుటపడింది. ఫోను చేస్తే బస్సులో చివరి సీటు దాకా వినపడేలా నువ్వు అరుస్తావు, నేను "ఆఁ? ఏంటీ?" అంటూ ఉంటాను, అంతటితో సరిపోతుంది. అందుకే ఈరోజు సెలవు పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాను. నువ్వడిగిన వాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను.

దుకాణం ఆవిడ ఎలా చూస్తోందని అడిగావు. బాగానే చూస్తుంది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, కోట్లకి లోపలి గుడ్డ కొత్తది వెయ్యడం ఇప్పుడు నాకే వదిలేసింది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది కాబట్టి తిట్టిందో మెచ్చుకుందో చాలాసార్లు తెలియదు. సెలవు అడిగినప్పుడు మాత్రం సూదులు తీసి మాట్లాడుతుంది. ఈమధ్య ఆ సూదులు చాలాసార్లు తీయాల్సొచ్చింది, పాపం. కండక్టరు డ్యూటీలో నీకు ఊరి రూటు తీసేసి సిటీ రూటు వేశారని రాశావు. మంచిదే. నిన్ను కదిపితే ఏమవుతుందో కొత్త డిపో మేనేజరుకి వారంలో తెలిసొస్తుందిలే. నాన్నని మోకాలికి పట్టీ కట్టుకోమను, గోడకి వేలాడదీస్తే మోకాలు తగ్గదని నా మాటగా చెప్పు.

ఇక నా ఇంటిపేరు మార్పు సంగతి. ఎంతదాకా వచ్చిందని అడిగావు. గానుగెద్దు ఎంతదాకా వస్తుందో అంతదాకా వచ్చింది.

ఈ దేశంలో ఉండనిచ్చే నివాస కార్డుల ఆఫీసువాళ్లు ఏమేం కాగితాలు అడిగారో విను. పెళ్లి సర్టిఫికెట్టు. దాని మీద మన దేశంవాళ్ల ముద్ర. ఆ ముద్ర దొంగది కాదని ఇంకొకళ్ల ముద్ర. ఆ మొత్తానికీ ఇక్కడి భాషలో తర్జుమా, అది కూడా వీళ్లు ఒప్పుకున్న మనిషే చెయ్యాలి. పుట్టిన సర్టిఫికెట్టుకీ ఇదే తతంగం. నా మీద కేసులేవీ లేవని పోలీసుల కాగితం. ఇవన్నీ ఒక ఎత్తు. తన ఇంటిపేరు పెళ్లాం వాడుకోవడానికి తనకేమీ అభ్యంతరం లేదని మొగుడు సంతకం పెట్టిన కాగితం ఒక ఎత్తు. అదేమన్నా ఆయన స్కూటరా అమ్మా, తాళం అడిగి తీసుకోవడానికి?

నువ్వు డ్యూటీ మార్చుకుని, ఆఫీసు చుట్టూ తిరిగి, సంపాదించి పంపిన పుట్టిన సర్టిఫికెట్టుని కౌంటరులో కుర్రాయన పెన్నుతో టకటకా కొట్టాడు. బిడ్డ పేరు అన్న చోట అడ్డగీత ఉంది. కింద ఆడ శిశువు అని ఉంది. ఈ శిశువు మీరేనని మాకెలా తెలుస్తుంది అన్నాడు. పుట్టిన రోజునే రాసేశారు, అప్పటికి నాకింకా పేరు పెట్టలేదు అని చెప్పాను. నాన్న పేరు, నీ పేరు, తారీఖు అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా అన్నాను. అది చాలదట. కన్నతల్లి ప్రమాణపత్రం కావాలట. అదే నీకు రాశాను. నోటరీ దగ్గర ఏమని చెప్పాలి, కన్నానని చెప్పాలా, కని నానా తిప్పలూ పడ్డానని చెప్పాలా అని నువ్వు తిరుగు టపాలో అడిగావు. చదివి నవ్వాను. కాసేపటికి ఏడుపొచ్చింది. నీ కడుపున పుట్టానని నువ్వు ఎవడికో ప్రమాణం చేసి చెప్పాలా?

బడి సర్టిఫికెట్టు ఇంకో గోల. అందులో మన ఇంటిపేరు ఒక్క అక్షరం, పక్కన చుక్క. ఈ అక్షరం ఏంటి అని ఒకరు, మిగతా అక్షరాలు ఏమయ్యాయి అని ఇంకొకరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు రాశారు కాబట్టి వీళ్లు అదే నా పేరనుకున్నారు. హాల్లో అందరి ముందూ మన ఇంటిపేరు పెట్టి గట్టిగా పిలిస్తే, నాన్న వచ్చాడేమోనని వెనక్కి తిరిగి చూశాను.

పోనీ కాగితాలన్నీ కుదిరాయే అనుకో. ఈ ఆఫీసువాళ్లు ముందు మీ పాస్‌పోర్టులో పేరు మార్చుకు రండి, అప్పుడు నివాస కార్డులో మారుస్తాం అన్నారు. పాస్‌పోర్టు ఇచ్చే మనవాళ్ల దగ్గరికి వెళితే, ముందు ఇక్కడి నివాస కార్డులో మారినట్టు చూపించండి అన్నారు. చెట్టు ముందా, విత్తు ముందా? అటు ఒక కిటికీ, ఇటు ఒక కిటికీ, మధ్యలో నేను. మంచి మాటగా అడిగాను, బతిమాలాను, చివరికి నీ కూతుర్ని అనిపించుకున్నాను కూడా. ఏం లాభం? అద్దానికి అవతల ఉన్నవాళ్లకి అరుపు కూడా సన్నగానే వినపడుతుంది.

ఇంత హడావిడి దేనికే, అల్లుడు బలవంతపెడుతున్నాడా, వియ్యపురాలు ఏమన్నా అందా అని అడిగావు. లేదమ్మా. అత్తయ్యకి అసలు ఈ సంగతే తెలియదు. ఆయనైతే, నీ పేరుకేం వచ్చింది, అది మారితే నిన్ను పిలవడం నేను కొత్తగా నేర్చుకోవాలా అన్నారు. ఎప్పుడూ ఉత్తరం చివర రెండు ముక్కలు రాసే అల్లుడు ఈమధ్య ఎందుకు రాయడం లేదని కూడా అడిగావు. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కటే. ఇన్నాళ్లూ దాచాను. పైన కులాసా అని రాశాను కదా, అది ఇప్పటి మాట. రెండు నెలల క్రితం కాదు. కూర్చుని చదువు. ఇప్పుడంతా బాగానే ఉంది, అది ముందే చెబుతున్నాను.

ఆయన ఒక పెద్ద భవనంలో లిఫ్టు బాగుచేస్తూ నిచ్చెన జారి, కింద గుంటలో పడ్డారు. కుడి మణికట్టు విరిగింది, పక్కటెముకలు రెండు చిట్లాయి. ఆయనతో పనిచేసే పొడుగాయన నాకు ఫోను చేశాడు. చేతిలో ఉన్న ప్యాంటు అక్కడే పడేసి ఆసుపత్రికి పరిగెత్తాను. ముందు బల్ల దగ్గర అమ్మాయి, "ఆయనకి మీరేమవుతారు?" అని అడిగింది. భార్యని అన్నాను. నివాస కార్డు అడిగింది, ఇచ్చాను. ఆయన పేరు చూసింది, నా పేరు చూసింది. ఇంటిపేర్లు వేరు కదా, కుటుంబ సభ్యులనే లోపలికి పంపుతాం అంది. పెళ్లి సర్టిఫికెట్టు ఇంట్లో బీరువాలో ఉంది, అదీ మన భాషలో. మెడలో మంగళసూత్రం చూపించాను. అందమైన గొలుసు అనుకుందో ఏమో, తల ఊపి మళ్లీ కంప్యూటరు వైపు తిరిగింది.

ఇది విను. ఆ పొడుగాయన్ని లోపలికి పంపారు. కంపెనీ తరఫు మనిషి అట. సంతకం పెట్టడానికి కావాలట. కట్టుకున్నదాన్ని నేను బయట ప్లాస్టిక్ కుర్చీలో, టీ ఇచ్చే యంత్రం పక్కన. ఆయనకి ఒకరకం యాంటీబయాటిక్ పడదమ్మా. పెళ్లయిన కొత్తలో పంటి నొప్పికి అదే మాత్ర వేసుకుని మొహమంతా ఉబ్బిపోయింది. ఆ సంగతి గుర్తొచ్చింది. మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లి మందు పేరు చెప్పాను. ఆ మందు ఇవ్వొద్దని డాక్టరుకి చెప్పండి, అంతే చాలు, నన్ను లోపలికి పంపకపోయినా ఫర్వాలేదు అన్నాను. బయటివాళ్లు చెప్పిన వైద్యం విషయాలు మేం రాసుకోకూడదు అంది. నేను బయటిదాన్ని!

అదే మందు ఇచ్చారు. నొప్పిలో, మత్తులో ఆయన ఏమీ చెప్పలేకపోయారట. గొంతు దగ్గర వాపొచ్చి ఊపిరి ఆడకపోతే అప్పుడు నర్సు పరిగెత్తుకొచ్చి, ఈయనకి ఏ మందు పడదో తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. కుర్చీలోంచి లేచి నేనున్నాను అన్నాను. అప్పుడు ఏ కార్డూ అడగలేదు.

ఆయన గట్టెక్కారు. కానీ ఆ సాయంత్రం మంచం పక్కన నిలబడి ఒట్టు పెట్టుకున్నాను, ఇంకెప్పుడూ ఎవరూ నన్ను బయటిదాన్ని అనకూడదు, ఆయన ఇంటిపేరు నా కార్డు మీద ఎక్కించి తీరతాను అని. హడావిడి అందుకే. నీకెందుకు రాయలేదంటే, రాస్తే నువ్వు ఉన్న సెలవులన్నీ పెట్టేసుకుని, టికెట్టు కొనే దారి లేక రాత్రీ పగలూ కుమిలిపోతావని. తప్పయితే కోప్పడు, పడతాను.

పోయిన వారం కార్డుల ఆఫీసులో కుర్రాయన బదులు ఒక పెద్దావిడ కూర్చుంది. నా ఫైలు అంతా మొదటినుంచి చదివింది. అలా చదివిన మనిషిని అక్కడ మొదటిసారి చూశాను. ఇంతకీ ఎందుకు మార్చుకోవాలనుకుంటున్నారు అని అడిగింది. ఆసుపత్రి కథంతా చెప్పాను. ఆవిడ నా కార్డు తీసి, వెనక్కి తిప్పి, ఒక గీత మీద వేలు పెట్టింది. అక్కడ నేనూ ఎన్నడూ చదవని చీమ తలకాయంత అక్షరాల్లో, ఈ దేశంలో నేను ఉండడానికి కారణం భర్తతో కాపురం అని ఉంది. పక్కన ఆయన పేరు!

"మీకు ఈ కార్డు ఇచ్చిందే భార్య అని. ఇంటిపేరు మార్చుకోమని మా చట్టం ఎవర్నీ అడగదు. ఆ అమ్మాయి కార్డు తిప్పి చూడలేదు, అంతే" అంది.

అంతే అట. ఆయన గొంతు పూడుకుపోయింది, నేను రెండు దేశాల కిటికీల మధ్య అరిగిపోయాను, నువ్వు ఎండలో నిలబడ్డావు. ఒక మనిషి మణికట్టు తిప్పి అట్టముక్క వెనక చూడనందుకు. ఆ పెద్దావిడ మీద నాకు కోపం లేదు, మంచి మనిషి. కానీ ఆ కుర్రాయన అన్నిసార్లు నన్ను తిప్పాడు కదా, ఒక్కసారైనా ఎందుకమ్మా అని అడగలేదు. నేను అక్కడికక్కడే అర్జీ వెనక్కి తీసుకున్నాను. సగం పైన పని అయింది, ఇప్పుడు ఆపకు అని నువ్వు రాశావు. ఆపేశానమ్మా. నిన్ను అంత తిప్పి ఆపేశానని రాయడానికే ఈ ఉత్తరం ఇంత సాగదీశాను.

నిన్న ఆయన చేతికి కట్టు విప్పడానికి ఆసుపత్రికి వెళ్లాం. ఆ అమ్మాయే ఉంది. కార్డు బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాను. చదివి, ఎర్రబడి, పై అధికారిని పిలిచింది. ఆ అధికారి టై సర్దుకుంటూ వచ్చి, ఏదో పొరపాటు జరిగింది, చింతిస్తున్నాం అన్నాడు. ఈయన, పోనీలే, రా, బతికే ఉన్నాను కదా అని నా కొంగు లాగారు. నేను కదల్లేదు.

"ఆ రోజు మీరు నన్ను కాగితం అడిగారు. ఈరోజు నేను అడుగుతున్నాను. జరిగింది పొరపాటని, నేను చెప్పినా వినకుండా ఆ మందు ఇచ్చారని, రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇవ్వండి" అన్నాను.

కుదరదన్నాడు. పైవాళ్లని అడగాలన్నాడు. సరే అడగండి, నాకు తొందరేం లేదు అని అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఆయన కట్టు విప్పించుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక ఆ అధికారే ముద్ర వేసిన కాగితం తెచ్చిచ్చాడు. ఇంకనుంచి పేర్లు కలవలేదని ఎవర్నీ బయట ఆపొద్దని బల్ల దగ్గరివాళ్లకి చెప్పాం అన్నాడు. మాట నిలబెట్టుకుంటాడో లేదో, నేను మళ్లీ మళ్లీ వెళ్లి చూస్తాను.

కాబట్టి నోటరీ దగ్గరికి వెళ్లొద్దు. ఆ రోజు సెలవుని నీకోసం ఉంచుకుని హాయిగా నిద్రపో. నువ్వు నన్ను కన్నావని నాకు తెలుసు, నీకు తెలుసు, ఇంకెవరికీ సాక్ష్యం చెప్పక్కర్లేదు.

ఇట్లు,
పుట్టింటి పేరుతోనే కాపురం చేస్తున్న
నీ చిన్నకూతురు