నుదుటి మీద గీత

తమ్ముడూ, డ్యూటీకి వెళ్తున్నాను. కూర వేడి చేసుకుని తిను. తిన్నాక ఆ జుట్టు క్లినిక్‌కి ఫోన్ చేసి, రేపు రావడం లేదని చెప్పు. ఇంట్లో నర్సు అక్కని పెట్టుకుని నాకొక్క మాట చెప్పకుండా డేటు తీసుకున్నావు. మొన్న అక్కణ్ణుంచే ఒకబ్బాయిని మా ఐసీయూకి తెచ్చారు. కొత్త జుట్టు ఎక్కడిదాకా రావాలో డాక్టరు అతని నుదుటి మీద పెన్నుతో గీత గీసి వెళ్లిపోయాడట. మత్తు ఇచ్చిందీ, జుట్టు నాటిందీ డాక్టర్లు కానివాళ్లు. మత్తు మోతాదు మించింది. నిన్న పోయాడు.

జుట్టు పెట్టించుకోవద్దనను. కత్తి పట్టేదెవరని ముందు అడుగు. "మా టీమ్ చూసుకుంటుంది" అంటే లేచి వచ్చెయ్. "నేనే చేస్తాను" అనే డాక్టర్ని ఇద్దరం కలిసి వెతుకుదాం. నాన్నదీ బట్టతలే, ఎవరు వేలెత్తి చూపారని?

అక్క

ఇంకో మాట. ఆ అబ్బాయి వాళ్లమ్మ నన్నడిగి తడిగుడ్డ తీసుకుంది. ఆ గీత పోయేదాకా ఇంటికి తీసుకెళ్లనని కూర్చుంది. నేను డ్యూటీ దిగేసరికి ఇంకా తుడుస్తూనే ఉంది.