మోదుగు చెలక

చిరంజీవి మరిది శరత్‌కు,

వదిన మంగ దీవించి రాసేది. ఇక్కడ గుజరాత్‌లో, గోడాదరాలో నేను, హిమశ్రీ క్షేమం. అక్కడ నువ్వు, సంధ్య, పిల్లలు బాగున్నారని తలుస్తాను. మోదుగు చెలక అమ్మిన కాగితాల జిరాక్సులతో నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఫోన్‌లో చెప్పడానికి నీకు నోరు రాలేదని అర్థమైంది. నాకూ రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

హిమశ్రీ ఏం చేస్తోందని అడిగావు. చీరలకు రాళ్లు అతికించే పని ఇంటికి తెచ్చుకుంటోంది. కళ్లు మండుతున్నాయంటుంది, మానమంటే వినదు. నాకు పల్సానా దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో ఊడ్చే పని దొరికింది. మీ అన్న ఆరోగ్యం అడిగావు. అది చివర రాస్తాను.

పట్టా నీ పేరనే ఉంది, అమ్ముకునే హక్కు నీదే. కాదనను. కానీ నీ కాగితంలో అన్నిటికీ ఫామ్ ప్లాట్లన్న ఒక్క పేరేనా? ఇక్కడి మరమగ్గాల సాంచాల దుమ్ముతో పట్టుకున్న దగ్గు కాస్త ఆగితే చాలు, మీ అన్న వాగు మడి, రాళ్ల చెలక, గొర్ల దొడ్డి అంటూ ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి తలుచుకునేవాడు. హిమశ్రీ పొలానికి ఇక్కడి గుజరాతీ మాట వాడి ఆటపట్టించేది.

"పప్పా, అన్నిటికీ ఖేతర్ అంటే అయిపాయె గదా?"

"కాదు బిడ్డా. అన్నిటికి ఒక్కటే పేరు పెడితే ఏది యాదికుంటది?"

మీ ఇంటి మగవాళ్లను పోయాక మోదుగు చెలకలోనే పూడ్చిపెడతారు కదా. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

"మంగా, నన్ను గీడ కాలవెట్టకు. మోదుగు చెలకల నాయిన పక్కకు పెట్టు."

సరేనని మాటిచ్చాను.

చెలక అమ్మిన సంగతి తెలిస్తే అన్న ఏమంటాడని అడిగావు. ఏమీ అనలేదు, నేను చెప్పలేదు. మామయ్య సమాధి చదును చేసి రోడ్డు వేశారన్న మాట ఏ నోటితో చెప్పను? చెలకలో ఏం వేశారని అడిగితే, పత్తి వేశారట, బాగా మొలిచిందట అన్నాను. సమాధి దగ్గర సంధ్య దీపం పెడుతోందని కూడా అన్నాను. ఆ మాటకు నవ్వాడు.

నేను ఊడ్చే ఫామ్‌హౌస్ గేటు దగ్గరికి పోయిన నెల ఒక గుజరాతీ ముసలమ్మ కొబ్బరికాయతో వచ్చింది. "ఆ మారూ ఖేతర్," ఇది నా పొలం, అంటుంది. ఒక మూల చూపించి, పోయిన వాళ్ల పెద్దలకు మొక్కే రాయి అక్కడే ఉండేదంది. వాచ్‌మన్ తరిమేశాడు. నేను చీపురు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

ఇక చివరి సంగతి. మీ అన్న పోయాడు శరత్. నీ ఉత్తరం వచ్చిన వారానికే పోయాడు. బండి మాట్లాడి ఊరికి తీసుకెళ్దామని సాంచాల వాళ్లు అన్నారు. ఎక్కడికి తేను? మీ రోడ్డు మీదికా? నీకు ఫోన్ చేయనిది కోపంతోనే. ఆఖరి చూపు నీకు లేకుండా చేశాను. తప్పే. అయినా ఆ కోపం ఇంకా పోలేదు.

ఇక్కడే కాల్చాం. హిమశ్రీ నిప్పు పెట్టింది. బూడిద తాపీ నదిలో కలిపాను గానీ, ఒక పిడికెడు కొంగున కట్టుకుని పనికి వెళ్లాను. ముసలమ్మ చూపించిన మూలన గడ్డి పెకలించి, మన్నులో కలిపి, మళ్లీ గడ్డి కప్పాను. మాట నిలబెట్టుకోవడానికి నాకు దొరికిన చెలక అదే, అదీ ఇంకొకరిది. రోజూ నీళ్లు పోస్తున్నాను. అక్కడ గడ్డి బాగా పచ్చగా ఉందని సేఠ్ మెచ్చుకున్నాడు.

ఆ ముసలమ్మ మళ్లీ వస్తే వాచ్‌మన్‌తో కొట్లాడైనా లోపలికి తీసుకొస్తాను. రేపు నేను ఒక కొబ్బరికాయ పట్టుకుని మోదుగు చెలక గేటు దగ్గరికి వస్తే, నన్ను లోపలికి పిలిచేవాళ్లు ఎవరున్నారు శరత్?

ఇట్లు,
నీ వదిన
మంగ