చూరులో గ్లాసు

క్యోటో, ఆదివారం రాత్రి, నవంబరు 2004

చౌడేపల్లె నుంచి నన్ను చూడవచ్చిన చిన్నాయనను, పిన్నమ్మను ఇవాళ ఇక్కడి పాతకాలపు పద్ధతిలో టీ ఇచ్చేచోటికి తీసుకెళ్లాను. అందరికీ ఒకటే గిన్నె. ఒకరు తాగి, అంచు తుడిచి, పక్కవాళ్లకు అందించాలి.

చిన్నాయన ఎంగిలి తగలకుండా ఎత్తి పోసుకోబోయాడు. అంబలిలా చిక్కటి ఆ పచ్చ టీ ముందు కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా చొక్కా మీద పడింది.

“నోరు పెట్టి తాగు, అందరూ సూస్తాండారు” అని పిన్నమ్మ ఒకటే నవ్వు.

ముక్కూ మొహం తెలియని ముసలాయన తాగిన అంచుకే చిన్నాయన పెదవి ఆనించాడు.

బయటికి రాగానే నాకు కోపం ఆగలేదు. అంటరానితనం మీద కరపత్రాల్లో చదివిందంతా నాలుక మీదికొచ్చింది గానీ, అడిగింది ఒక్కటే.

“ఇంట్లోవి ముట్టకూడదని మన జీతగాడు గంగులప్పకు కొట్టం చూరులో పెట్టిన గ్లాసు, ఇంకా ఉండాదా చిన్నాయనా?”

“వాడు ఎండాకాలంలోనే సచ్చిపాయ గదరా. నీకు సెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు. నాకు సైకిలు నేర్పిన మనిషి.

“మరి గ్లాసు?”

“ఆడే ఉండాది. యాల తీస్తామప్పా? వాని కొడుకు వస్తాండాడు గదా పనికి.”

నోట్లో చేదు ఇంకా పోలేదు. కళ్లు మూస్తే, చూరులోకి చెయ్యి పెట్టి తడుముకునే మనిషి. గంగులప్పో, కొడుకో, మొహం తెలియడం లేదు.