రొట్టె దాచిన ఏవిస్ చివరి మాట

దేవుని పేరిట, ఆమెన్. ఇంగ్లండు దేశం, వోల్డ్‌బీ పట్టణంలో చనిపోయిన నేతగాడు రాల్ఫ్ భార్యను, ఏవిస్‌ని. కాళ్లు పడిపోయాయి గాని బుద్ధి బాగానే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా గుమాస్తా చేత ఇది రాయిస్తున్నాను.

1. నా ఆత్మ దేవునికి, ఒళ్లు మా గుడి మట్టికి. పూజ చాలు. నా శవం ముందు ప్రసంగం మాత్రం వద్దు.

2. నా మగ్గం పొరుగింటి మాటిల్డాకి. ఊరంతా మొహం తిప్పుకున్నా నా గుమ్మం తొక్కింది ఇదొక్కతే. ఈ వీలునామా జరిపించే భారమూ దానిదే.

3. ప్రసంగాల సన్యాసి హంఫ్రీకి ఏమీ లేదు. కరువు ఏట నేనొక రొట్టె ఉన్నిబుట్టలో దాచి, లేదని మొగుడితో అబద్ధమాడాను. మూడు వారాలకి ఆయన జ్వరంతో పోయాడు. ఇరవై ఏళ్లు ఆ పాపం మోసి, ఇక మోయలేక ఈ సన్యాసి ముందు మోకరిల్లి, ఒప్పుకుని ఏడ్చాను. పై ఆదివారమే కథ కట్టేశాడు! ఒకానొక ఊళ్లో తిండిపోతు పెళ్లాం ఉన్నిబుట్టలో రొట్టె దాచుకు తింటే దాని గొంతులో దయ్యం కూర్చుందట, మొగుడు ఆకలితో చచ్చాడట. జనం పగలబడి నవ్వి, నావైపు తిరిగారు. నిలదీస్తే, పేరు చెప్పలేదుగా అన్నాడు. కడుపులో పెట్టుకుంటాడనుకుంటే దండోరా వేశాడు. రేపు ఈ సన్యాసి పోతే నా తరఫున ఒక్క కొవ్వొత్తి కూడా వెలిగించొద్దు.

4. ఇల్లు, దుప్పట్లు నా కూతురు సిబిల్‌కి. ఆ కథ నమ్మి, నాన్నని పొట్టన పెట్టుకున్నావు కదే అని నా మొహానే అంది. పన్నెండేళ్లుగా నా గడప తొక్కలేదు. సన్యాసి పరాయివాడు, పోనీ. నువ్వు నా కడుపున పుట్టావే! నిజం చెబితే ఆ బరువు నీ నెత్తిన పడుతుందని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు నీ కూతురు జోనెట్‌కి పెళ్లి కుదిరిందనీ, పెళ్లాం ఎలా ఉండకూడదో నేర్పడానికి నువ్వు ఆ కథే చెబుతున్నావనీ తెలిసింది. ఇక ఊరుకోను. ఆ కరువులో ఇంట్లో ఉన్నది ఒక్క రొట్టె. బయటపెడితే ఇంటాయనే ముందు తినాలి, అది రివాజు. నీకప్పుడు నాలుగేళ్లు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. నీళ్లలో నానబెట్టి నాలుగు రోజులు నీకే పెట్టాను. నేను ముక్క కొరకలేదు. తప్పు నీది కాదు తల్లీ.

5. మనవరాలు జోనెట్‌కి తాళమున్న నా పెట్టె. మొగుణ్ణి ప్రేమించు, మాట విను. పసిబిడ్డ ఆకలితో ఉంటే మాత్రం రొట్టె ఇందులో దాచు. పాపమని ఎవరైనా అంటే మీ అమ్మని చూపించు. బతికే ఉందిగా.

1348, ఈస్టర్ తర్వాతి మంగళవారం.
చదువు రాదు కనుక సిలువ గుర్తు: ✝ ఏవిస్
సాక్షులు: రంగులద్దే హామో, రొట్టెలు కాల్చే ఓడో